నలభై ఒక్క జీబీల సముద్రం

ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మూటలాయన అనేవాళ్ళు. కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో ఎనిమిది మందే ఉన్నారు. బొమ్మలు వేసేవాళ్ళు, శబ్దాలు కూర్చేవాళ్ళు, ప్రోగ్రాం రాసేవాళ్ళు ఎవరి పని వాళ్ళు ముగించుకుని చివరికి అంతా తెచ్చి అతని ముందు పడేసేవారు. అదంతా ఏరి, సర్ది, నొక్కి ఒక్క మూటగా కట్టడం అతని ఉద్యోగం. కొనుక్కున్నవాళ్ళ కంప్యూటర్లో ఆ మూట విప్పుకుంటేనే ఆట లేచి నిలబడుతుంది.

పదహారేళ్ళుగా కట్టీ కట్టీ అతనికి ఒక విద్య పట్టుబడింది. ఎవరి ఆటైనా సరే, సైజు చెబితే చాలు, అది ఎలాంటి ఇంట్లో పుట్టిందో చెప్పేవాడు. టీ తాగేటప్పుడు అందరికీ అదో కాలక్షేపం.

"నూట ఇరవై జీబీ," అనేది బొమ్మలమ్మాయి కప్పు పట్టుకుని.

"భయస్తులు. ఏదీ పారెయ్యలేదు. ఆటలోంచి ఎప్పుడో తీసేసిన ఊళ్ళు కూడా లోపలే పడున్నాయి. ఏది కదిపితే ఏది కూలుతుందోనని ఎవరూ ముట్టుకోలేదు."

"ఎనభై. కానీ ఆడితే నాలుగు గంటల్లో అయిపోయింది."

"తొందర. మాటలూ పాటలూ రికార్డు చేసినవి చేసినట్టే పెట్టేశారు. ఒకే గోడని నలభై గదుల్లో నలభై సార్లు దాచుకునుంటారు."

"ఒకటిన్నర?"

"ఎవరో ఒక్కడే కూర్చుని చేశాడు. ఒక చెట్టు గీసి, దాన్నే అటూ ఇటూ తిప్పి అడవి చేశాడు. అలాంటివాళ్ళకి దణ్ణం పెట్టాలి."

"అయితే మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగు సైజు చూసి ఆవిడ గుణం చెప్పండి మూటలన్నా."

"దాన్ని విప్పే ధైర్యం ఎవడికుందమ్మా?"

అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. తన విద్య తన మీదికే తిరుగుతుందని అప్పటికి తెలియదు.

ఆ ఏడాది వాళ్ళు చేసిన ఆటలో ఒక ముసలి పడవవాడు దీవి నుంచి దీవికి ఉత్తరాలు చేరవేస్తుంటాడు. ఆట నిండా సముద్రమే. బొమ్మలమ్మాయి రెండు నెలలు కూర్చుని ఆరంటే ఆరు అలలు గీసింది. ఆ ఆరింటినే ఒకదాని మీదొకటి జరుపుతూ పొద్దుటి సముద్రం, వాన సముద్రం, కోపం వచ్చిన సముద్రం చేసింది. రెండేళ్ళ పని మొత్తం మూట కడితే ఏడు జీబీలు తేలింది. అతను ఆ అంకె చూసి, కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు ఊరికే కూర్చున్నాడు. తన చేతి మీదుగా వెళ్ళిన వాటిలో అంత పొందికైన మూట ఇంకొకటి లేదు.

యజమాని వచ్చి తెర వైపు చూసి, "ఏడేనా?" అన్నాడు.

"ఏడే సార్."

"అమ్మే చోట మన పక్కనున్నవి చూశావా? అరవై, డెబ్బై అయిదు, తొంభై. వాటి మధ్య మనది ఏడు అని కనబడితే పసిపిల్లల ఆట అనుకుని పైకి జరిపేస్తారు."

"చిన్నదైతే మంచిదే కద సార్. తొందరగా దిగుతుంది."

"నీకూ నాకూ మంచిదే. చూసేవాడికి బరువు కనబడాలి. నలభై అయిదు, యాభై మధ్యలో ఉంటే మర్యాదగా ఉంటుంది."

"ఉన్నదే ఏడైతే ఏం పెట్టను సార్?"

"నన్నడుగుతావేంటయ్యా? మూటలాయనవి నువ్వు."

కుదరదని అతను అనగలిగేవాడే. యజమాని రంకెలు వేసే మనిషి కాదు. ఒకసారి మొహం ముడుచుకుని వెళ్ళిపోయేవాడు, అంతే. ఆ సంగతి అతనికి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. ఆ పూట మాత్రం అతను సరేనన్నాడు.

ముందు ఒక పెద్ద ఫైలు చేసి సున్నాలతో నింపాడు. అది పనికిరాలేదు. సున్నాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి దింపుకునేటప్పుడు నొక్కుకుపోయి పిడికెడవుతాయి. అందుకని ఒకదానితో ఒకటి పొంతన లేని అంకెలు పుట్టించే చిన్న ప్రోగ్రాం రాసి, వాటితో నలభై ఒక్క జీబీలు నింపాడు. వాటిని ఎంత గొప్పవాడైనా నొక్కలేడు. ఫైలుకి ఆటలో భాగంలా కనబడాలని 'సముద్రం రెండు' అని పేరు పెట్టాడు. అంతా కలిపి నలభై ఎనిమిది. అరగంటలో పని అయిపోయింది. ఆ అరగంటసేపూ తన తెలివికి తనే లోపల్లోపల మురిసిపోయాడు. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

ఆట విడుదలైన రోజు అక్క ఫోన్ చేసింది. అక్క అతనికంటే పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయాక అతన్ని స్కూలుకి తయారుచేసి పంపింది ఆవిడే. ఆవిడ జన్మలో కంప్యూటర్ ఆట ఆడి ఎరగదు.

"ఒరేయ్, చివర్లో నీ పేరొస్తుందటగా? ఆ పేరొచ్చేదాకా ఆడదామని కూర్చున్నాను. ఇదేమో చోటు చాలదంటోంది. పంతొమ్మిదే ఖాళీ ఉందిట."

ఆ సమయానికి అతని చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరికో ఆట తెరుచుకోవడం లేదు, ఇంకెవరికో శబ్దం రావడం లేదు. "ఏదో ఒకటి పాతది తీసెయ్యక్కా," అన్నాడు.

"పెద్దదంటే మీ బావ ఫోల్డరే ఉంది. ముప్ఫై నాలుగు."

"బావవన్నీ నా దగ్గర ఉన్నాయిగా, కంప్యూటర్ మార్చినప్పుడు తీసి పెట్టాను. తీసెయ్."

"ఉన్నాయి కదా? చూసే చెబుతున్నావు కదా?"

"ఉన్నాయక్కా. తీసెయ్."

బావ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. గొంతులో జబ్బు అని తేలి సెలవు పెట్టాక, రోజూ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని, పుస్తకాల దొంతర మీద కెమెరా నిలబెట్టి పాఠాలు చెప్పేవాడు. పరీక్ష తప్పిన పిల్లల కోసం అనేవాడు. ఒకసారి సరిచూసుకుని పంపుదామనేవాడు. సరిచూసుకోవడం అవ్వలేదు. గొంతు పూర్తిగా పోయేలోపు నూట పన్నెండు పాఠాలు అయ్యాయి.

అతను బావ ఫైళ్ళు తీసి పెట్టిన మాట నిజమే. కానీ అది రెండేళ్ళ కిందట. పాఠాలు మొదలైంది ఆ తర్వాత.

వారం గడిచేసరికి రెండు సంగతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మొదటిది, ఆట కొన్న ఒకాయన మూట విప్పి లోపల ఏముందో వెతికాడు. 'సముద్రం రెండు' తెరిచి చూసి, ఆటగాళ్ళు మాట్లాడుకునే చోట రాసిపెట్టాడు. "ఈ సముద్రంలో నీళ్ళు లేవు. నలభై ఎనిమిదిలో నలభై ఒకటి ఉత్త చెత్త. ఇది పని బాగా వచ్చినవాడెవడో కావాలని చేసిన పని." సాయంత్రానికి అది అందరూ చదివేశారు.

బొమ్మలమ్మాయి అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఎప్పటిలా అన్నా అని పిలవలేదు.

"నేను ఆరు అలలతో సరిపెట్టాను. కళ్ళు పోయేలా గీశాను. మీరు దాని మీద చెత్త పోశారా?"

అతను కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి టీ వేళ అతని కప్పు అతని బల్ల మీదికే వచ్చేది. సైజులు చెప్పి గుణం అడిగేవాళ్ళు లేరు.

యజమాని మాత్రం కంగారు పడలేదు. "పరీక్షల కోసం పెట్టిన ఫైలు పొరపాటున ఉండిపోయిందని రాసెయ్. ఏడు జీబీల మూట మళ్ళీ కట్టు. ఆదివారం రెండూ కలిపి పెట్టేద్దాం. నాలుగు రోజులు తిట్టి మర్చిపోతారు." అతను రాశాడు. నాలుగు వాక్యాలు. ఎక్కడా తడబాటు లేకుండా వచ్చాయి.

రెండో సంగతి అక్క ఫోను.

"ఒరేయ్, బావ పాఠాలు ఓసారి పంపరా. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. వంట చేసుకుంటూ వింటాను."

పంపుతానన్నాడు. శనివారం ఇంట్లో ఉన్న డిస్కులన్నీ బల్ల మీద పరిచి వెతికాడు. బావ జీతం కాగితాలు ఉన్నాయి, పెళ్ళి ఫోటోలు ఉన్నాయి, పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. పాఠాలు లేవు. తేదీలు చూసుకున్నాక ఇంక వెతకడం ఆపేశాడు.

ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నా దగ్గర లేవు, తొందర్లో ఉన్నాయనేశాను అని చెప్పాలి. అంతవరకు చెప్పక తప్పదు. అసలు తీయాల్సిన అవసరమే లేకపోయిందన్న సంగతి మాత్రం ఆవిడకి తెలిసే దారి లేదు. ఆవిడ ఆ రాతలు చదవదు. జీబీల లెక్క ఆవిడకి పట్టదు. పొరపాటు అంటే పొరపాటే అనుకుంటుంది.

అక్క తలుపు తీసి, అతని మొహం చూసి, "ఏమైందిరా?" అంది.

"బావ పాఠాలు నా దగ్గర లేవక్కా."

ఆవిడ భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఉన్నాయన్నావుగా," అంది నెమ్మదిగా. తిట్టినట్టు కాదు, లెక్క మళ్ళీ సరిచూసుకుంటున్నట్టు.

"అన్నాను. చూడకుండా అన్నాను."

పోయిన ఫైళ్ళని వెతికే ప్రోగ్రాం వెంట తెచ్చుకున్నాడు. ఆ కంప్యూటర్లోది పాత రకం డిస్కు కాబట్టి కొద్దిగా ఆశ ఉంది. తీసేసిన ఫైలు అప్పటికప్పుడు పోదు, దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా అక్కడే ఉంటుందని అక్కకి చెప్పాడు. ఆవిడ టీ కాచి తెచ్చింది. అతను తాగలేకపోయాడు. మూడు గంటలు పట్టింది. అంతసేపూ అక్క కదలకుండా పక్కనే కూర్చుంది. చివరికి తెర మీద ఒక జాబితా వచ్చింది. నూట పన్నెండు పేర్లు, ఒక్కొక్కదాని ఎదురుగా ఎంబీల్లో సైజు. అక్క మొహం వికసించింది.

"ఉన్నాయిరా! అన్నీ ఉన్నాయి!"

"పేర్లే అక్కా. లోపలివి పోయాయి."

ఒకటి తెరిచి చూపించాడు. తెరుచుకోలేదు. ఇంకొకటి. అదీ అంతే. బావ గొంతు ఉన్న చోటంతా వేరే ఫైలు వచ్చి కూర్చుంది. ఆ ఫైలు ఏదో అతనికి చూడకుండానే తెలుసు. అయినా చూశాడు. సముద్రం రెండు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని జాబితా మీదికి వంగింది. వేలితో ఒక వరస చూపించి, "ఇది పదకొండే ఉందేంటి, మిగతావన్నీ మూడొందలుంటే?" అంది. అంతలో ఆవిడే, "ఆ, భిన్నాలు నాలుగు. దగ్గు తెర వచ్చింది ఆ రోజు. మొదలుపెట్టీ పెట్టగానే ఆపేశారు," అంది.

ఆవిడ వేలు కింది వరసకి జరిగింది.

"ఇది చూడు, ఆరువందల పది. త్రిభుజాలు. పాఠం అయిపోయాక కెమెరా ఆపడం మర్చిపోయారు. అరగంట పైగా ఉత్త కుర్చీయే. మధ్యలో నేనొచ్చి బల్ల తుడిచాను. లోపల్నించి మేమిద్దరం మాట్లాడుకోవడం వినబడుతుంది. ఉల్లిపాయలు అయిపోయాయని నేనంటే, అయిపోతే ఎన్ని తెచ్చాం, ఎన్ని వాడాం, లెక్క చెప్పు అని ఆయన. నేను విసుక్కోవడం కూడా ఉంది." ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "నాకన్నిటికంటే అదే ఇష్టం."

తర్వాత అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలేరా. నువ్వు కుమిలిపోకు. తీసింది నేను, నువ్వు కాదు. నువ్వు రెండేళ్ళు కష్టపడ్డ ఆట అది. దానికి చోటు కావాలంటే ఆయనుంటే ఆయనే తీసేసేవారు. తమ్ముడి కోసమేగా అనేవారు."

అక్కడితో అయిపోయేది. ఆవిడ అతని తప్పు తన మీద వేసుకుని, దాని మీద బావ మంచితనం కూడా కప్పింది. అతను తల ఊపితే చాలు. మధ్యాహ్నం భోజనం పెడుతుంది, సాయంత్రం బస్సు ఎక్కిస్తుంది. ఆవిడ చెయ్యి భుజం మీద బరువుగా లేదు. అలవాటైన చెయ్యి అది. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే వేసేది.

"అక్కా, చెయ్యి తియ్యి," అన్నాడు.

ఆవిడ తీసింది.

"ఆ రోజు నీ కంప్యూటర్లో పంతొమ్మిది ఖాళీ ఉంది."

"ఉంటే? చాలదందిగా."

"ఆట ఏడే."

"ఏడేంటి? నలభై ఎనిమిది కావాలంది. నేను చూశాను."

"ఏడే అక్కా. మిగతాది ఏమీ కాదు."

"ఏమీ కాకపోవడమేంట్రా? అంత ఉంటే అందులో ఏదో ఒకటి ఉండాలి కదా."

"అంకెలు. వాటికి అర్థం లేదు. ఆట పెద్దదిగా కనబడాలని నింపాం."

అక్క తెర వైపు చూసింది, తర్వాత అతని వైపు. అర్థమవుతున్నా ఆవిడ మొహం మారలేదు. అందుకే అతనికి చూడటం కష్టమైంది.

"అంటే ఆయన గొంతున్న చోట..."

"ఇప్పుడవి ఉన్నాయి."

"ఎవరు నింపమన్నారు?"

"యజమాని." ఆ మాట దగ్గర ఆగుదామనుకున్నాడు. ఆగలేకపోయాడు. "పెద్దది చెయ్యమన్నాడు, అంతే. ఎలాగో ఆయనకి తెలీదు. ఎవరూ నొక్కి చిన్నది చెయ్యలేకుండా ఎలా నింపాలో నేనే కనిపెట్టాను. బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా."

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. అక్క లేచి వెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది. మళ్ళీ అదే కుర్చీలో కూర్చోకుండా బల్లకి అవతల పక్క కూర్చుంది.

"ఎంతమంది దింపుకున్నారు ఇది?"

"పదకొండు వేల మంది."

"అందరూ ఏదో ఒకటి తీసేసుకునుంటారు."

"అందరూ కాదక్కా. చోటు ఉన్నవాళ్ళూ ఉంటారు."

"లేనివాళ్ళ మాటేంటి? వాళ్ళకేం చెప్పారు?"

అతను ఫోన్ తీసి, ఆ రోజు పెట్టడానికి తను రాసిన నాలుగు వాక్యాలు చూపించాడు. అక్క దాన్ని దూరంగా పట్టుకుని, ఒక్కొక్క మాటా పెదాలు కదుపుతూ చదివింది.

"'పొరపాటున ఉండిపోయింది.' ఇదెవరు రాశారు?"

"నేనే."

"నాకు కూడా ఇదే చెబుదామని వచ్చావా?"

"వచ్చేటప్పుడు అవును."

ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి అతని వైపు తోసింది. "మార్చు. నేను చూస్తుండగా మార్చు."

అతను ఉన్నది చెరిపేసి మళ్ళీ రాశాడు. ఈసారి తేలిగ్గా రాలేదు. ఈ ఆట ఏడు జీబీలే. మిగిలిన నలభై ఒకటి పొరపాటు కాదు, పెద్దదిగా కనబడాలని కావాలని నింపాం. నింపింది నేను. దీని కోసం మీరు ఏదైనా తీసేసి ఉంటే, ఆ డిస్కులో ఇంక కొత్తగా ఏదీ ఎక్కించకండి, పోయినదాన్ని ముందు వెతికించుకోండి. అందరికీ దొరక్కపోవచ్చు.

"క్షమించమని రాయనా?" అని అడిగాడు.

"అది వాళ్ళిష్టం. నువ్వు అడక్కు."

ఆటగాళ్ళు మాట్లాడుకునే చోట పెట్టేశాడు. పది నిమిషాలు కాకుండానే యజమాని ఫోన్ చేశాడు. అక్క, "మాట్లాడు," అంది. అతను అక్కడే కూర్చుని మాట్లాడాడు. అవతలి గొంతు బల్ల దాకా వినబడుతూనే ఉంది. "అవును సార్, నేనే పెట్టాను. లేదు సార్, తియ్యను. సరే సార్, రేపట్నించి రాను." ఫోన్ పెట్టేశాక అక్క మంచి పని చేశావని అనలేదు. అనాలని అతను కోరుకోలేదు కూడా.

ఆవిడ లోపలికి వెళ్ళి గీతల నోటు పుస్తకం, పెన్ను పట్టుకొచ్చింది. మొదటి పేజీ తెరిచి, అడ్డంగా గీత గీసి, అతని వైపు చూడకుండా అంది.

"ఆ జాబితా పైనుంచి చదువు. పేరూ, సైజూ. ఏది ఏ రోజుదో, అందులో ఏమన్నారో నాకు గుర్తున్నంత రాసుకుంటాను. ఇప్పుడే రాయాలి, రేపటికి ఇంకొంచెం పోతుంది."

"అన్నీనా?"

"నూట పన్నెండూ."

అతను తెర ముందుకి జరిగాడు. మొదటి పేరు చదివాడు. అక్క కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత రెండు వాక్యాలు రాసింది. రెండోది చదివాడు. అది ఆవిడకి గుర్తు రాలేదు. పెన్ను చాలాసేపు గాల్లో ఆగింది. చివరికి పేరు మాత్రం రాసి పక్కన ఖాళీ వదిలేసింది. మూడోది అతను లోగొంతుకతో చదివాడు.

"గట్టిగా చదువు," అంది అక్క, తల ఎత్తకుండా. "నాకు వినబడట్లేదు."